నలభై దగ్గర ఆగిపోతున్న వేలం

డిస్కు నకలు అయిందనే చెప్పింది కంప్యూటరు, ఓర్లిన్, నేనేం కల్పించి చెప్పటం లేదు. పచ్చగీత ఈ చివర్నించి ఆ చివరికి నిండింది, టింగుమని గంట కొట్టింది, "విజయవంతంగా పూర్తయింది" అని ఇంతింత అక్షరాలతో వేసింది. ప్రతిసారీ అలాగే వేస్తుంది. దాని విజయమేమిటో నువ్వు చూశావుగా.

అలా గోడవైపు తిరిగిపోకు. నేనింకా కోటు కూడా విప్పలేదు. బయట గాలి ఎలా కొడుతోందో తెలుసా నీకు? కారు తలుపు తీస్తే చేతిలోంచి లాక్కుపోయింది. అంత గాలిలో పడి వచ్చింది నీ వీపు చూసిపోవటానికా?

ఊ, అదీ. ఇటు తిరుగు కాస్త. ఉండు, దిండు సర్దుతాను. చెయ్యి ఇలా పెట్టుకో. ఆ చెయ్యి కాదయ్యా, మాట వినే చెయ్యి.

నీ కోపం నాకు తెలీదనుకోకు. ఆ రోజు ఈ వృద్ధాశ్రమం భోజనాల గదిలో, అందరి ముందూ అలా అయ్యేసరికి నాకు మాత్రం తలెత్తుకోబుద్ధయిందా? టీవీలో నువ్వు. తలమీద ఆ గోధుమరంగు టోపీ, చేతిలో కర్ర, హాగెన్ వాళ్ళ పొలంలో బండెక్కి నిలబడి వాళ్ళ సామానంతా వేలం వేస్తున్నావు. మొదట్లో ఎంత బాగా నడిచిందో. ఇరవై, ఇరవై ఐదు, ముప్ఫై, ముప్ఫై ఐదు ఎవరన్నారు, వెనకాల ఆ పెద్దాయనేనా, అంటూ నువ్వు అందుకుంటుంటే ఇక్కడి ముసలాళ్ళందరూ చెంచాలు కింద పెట్టేసి చూశారు.

అప్పుడు నలభై అనబోయావు. న... న... న... అంతే. నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. మొహమంతా గళ్ళు గళ్ళుగా చెదిరిపోయింది. మళ్ళీ కాస్త కదిలి, మళ్ళీ న... న...

విల్మర్ నవ్వాడు. అతని సంగతి వదిలెయ్. అతను గుమ్మడికాయ ముక్కని చూసినా నవ్వుతాడు. నీ పక్క మంచమేగా, నీకు తెలీదా? కానీ నువ్వు అతన్ని చూళ్ళేదు, నన్ను చూశావు. జబ్బు చేసి మాట పడిపోయిన మనిషిని వెక్కిరించటానికి పెళ్ళామే పనిగట్టుకుని బొమ్మ తెచ్చి ఆడించినట్టు చూశావు.

అది నేను చేసింది కాదు ఓర్లిన్. డిస్కు చేసింది.

నీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదేమో, నేను చెబుతా విను. ఈ గొడవంతా ఎందుకొచ్చింది? మాటలు నేర్పే ఆ అమ్మాయి, కారిన్, తను అంది కదా. మామూలు మాటలు మెదడులో ఒక పక్కన ఉంటాయట, బాణీ పట్టి వేలసార్లు అన్నవి ఇంకో పక్కన దాక్కుంటాయట. ఆ పక్క చెడకపోతే అక్కణ్ణించి లాగొచ్చట. "మీ ఆయన పాడతారా?" అని నన్నడిగింది. పాడటమా? చర్చిలో నువ్వు గొంతెత్తితే నేను మోచేత్తో పొడిచేదాన్నని చెప్పాను. పాటలేమీ రావమ్మా, వేలం మాత్రం వేసేవాడు, పెళ్ళయిన దగ్గర్నించీ అదే పని, నిద్రలో కూడా పక్కమీద దుప్పట్లు అమ్మేసేవాడు అన్నాను. ఆ పిల్ల కుర్చీ దగ్గరికి లాక్కుంది. రికార్డు చేసింది ఏదైనా ఉందా అంది.

ఉన్నది అదొక్కటే కదా. నీ మేనల్లుడు తీసిన హాగెన్ వాళ్ళ వేలం. వీడియో టేపు ఎప్పుడో పోయింది, డిస్కు ఒక్కటి మిగిలింది. తీసుకొచ్చి పెట్టాం. నువ్వు కళ్ళార్పకుండా చూశావు. చూసి చూసి, పెదాలు కదిపి, "ఇరవై" అన్నావు.

అన్నావయ్యా. స్పష్టంగా. నేనక్కడే ఉన్నాను. జబ్బు పడ్డ తర్వాత "అది, అది" తప్ప ఇంకో మాట నీ నోట రావటం అదే మొదలు. నేను మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను.

రోజూ చూపించాలంది కారిన్. పొద్దునా సాయంత్రమూ, నేను వచ్చినా రాకపోయినా, ఎవరో ఒకరు పెట్టాలి, అదే బొమ్మ, అదే వేగం. ఇప్పుడే చెయ్యాలంది. మొదటి నెలల్లో వచ్చిందే ఎక్కువ, ఆలస్యమైనకొద్దీ తలుపులు మూసుకుపోతాయంది. మెల్లగానే అంది పాపం. నాకే గట్టిగా వినపడింది.

ఈ మంచులో నేను రోజూ రాగలనా? పోనీ ఆ ఒక్క డిస్కూ ఇక్కడ వదిలి వెళ్ళనా? ఇక్కడ ఏ వస్తువు నిలుస్తుంది చెప్పు? నీ చెప్పుల్లో ఒకటి పోయింది. నీ నీలం స్వెట్టరు ఎవరి ఒంటిమీద ఉందో నేను కళ్ళారా చూశాను, పేరు చెప్పను, చావుకి సిద్ధంగా ఉన్న మనిషి, వేసుకోనీ. కానీ డిస్కు పోతే? గీతపడితే? నీ గొంతు ఈ ప్రపంచంలో ఇంకెక్కడ ఉంది?

అందుకే నకలు తియ్యాలనుకున్నాను. అంతే. అదే నా నేరం.

మన లోవెల్, అక్కడ ఫార్గోలో కూర్చుని, ఫోనులో చెబుతూ చేయించాడు. వాడి సహనం నీ సహనం లాంటిదే. "అమ్మా, ఆ ఖాళీ డిస్కుమీద ప్లస్ గుర్తుందా, మైనస్ గుర్తుందా?" అంటాడు. ఖాళీ డిస్కుల్లో ఆ రెండు రకాలుంటాయట, నాది మైనస్ అన్నాను. అదే కొంప ముంచింది అనుకున్నాడో ఏమో, ప్లస్ కొనమన్నాడు. కొన్నాను. అదీ ఇక్కడికొచ్చి నలభై దగ్గర ఆగింది. "చవకరకం కొనుంటావు" అన్నాడు. ఖరీదైనవి కొన్నాను. ఆగింది. "వేగంగా ఎక్కిస్తున్నావు, నిదానంగా ఎక్కించు" అన్నాడు. ఎంత నిదానంగా అంటే, అది ఎక్కేలోపు నేను రొట్టెలకి పిండి కలిపి, పొంగనిచ్చి, కాల్చి, దించాను. విజయవంతంగా పూర్తయింది. ఇక్కడికి తెచ్చాను. న... న... న...

ఇంట్లో కింద గదిలో అది ఎక్కుతుంటే నేను బట్టల మిషను కూడా వేసేదాన్ని కాదు. ఇల్లు అదురుతుందేమోనని మునివేళ్ళమీద నడిచాను. నవ్వకు. నవ్వావు, నేను చూశాను, ఆ పక్క పెదవి కదిలింది.

ఇంట్లో చూసుకోకుండా తెచ్చానని మాత్రం అనకు. ప్రతి డిస్కూ చివరిదాకా చూశాకే తెచ్చాను. ఇంట్లో ఎక్కడా ఆగదు. నలభై, నలభై ఐదు, యాభై, గుక్క తిప్పుకోకుండా కొట్టుకుపోతావు. కోళ్ళగూడు అమ్మావు, గడ్డి కోసే మిషను అమ్మావు, ఆఖరికి హాగెన్ ముసలావిడ వంటింటి గడియారం అమ్మి, ఆవిడ ఏడుస్తుంటే టోపీ తీశావు. ఇంట్లో అన్నీ సరిగ్గా వస్తాయి. ఇక్కడికొస్తే నత్తి.

మరి నేనేమనుకోవాలి? నువ్వైతే ఏమనుకునేవాడివి? ఇక్కడి మిషను మంచిది కాదనేగా?

జోలీన్‌తో అదే అన్నాను. ఆ ఆటపాటల గది చూసుకునే పొడుగు మనిషి. "రోజూ దీనిమీద సినిమాలు చూస్తున్నారండీ, ఒక్కటీ ఆగలేదు" అంది. నేను నమ్మనట్టు "అలాగా" అన్నాను. అవును, పైకే అనేశాను. మన ఊళ్ళో ఒకరి మొహంమీద అంతకంటే పెద్ద మాట ఎవరంటారు? ఆవిడ మొహం ఎర్రబడింది. నాకూ రాత్రంతా గుండెలో కలుక్కుమంటూనే ఉంది. అయినా పంతం పోలేదు. మర్నాడు మన ఇంటి మిషను ఊడదీసి, తువ్వాల్లో చుట్టి, చంకన పెట్టుకుని వచ్చాను. జోలీన్ చూస్తుండగా తగిలించాను. మన మిషనే, మన తీగలే, మన డిస్కే.

న... న... న...

ఆడలేక మద్దెల ఓడన్నట్టయింది నా పని. జోలీన్ కుర్చీలు సర్దుకుంటూ వెళ్ళిపోయింది. నాలుగు మాటలంటే బాగుండేది. ఆ వారం ఖర్జూరం బిళ్ళలు ఒక పళ్ళెం చేసి ఇచ్చుకున్నాను. "అబ్బే, ఎందుకండీ ఇవన్నీ" అంటూ తీసుకుంది. సరిపోయింది.

అప్పుడు చలిమీద పడ్డాను. కార్లో గడ్డకట్టిపోయి చెడుతోందేమో అనుకుని, డిస్కుని కోటు లోపల, స్వెట్టరుకి లోపల, కోడిపిల్లని దాచుకున్నట్టు దాచుకుని తెచ్చాను. దారిపొడుగునా గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు. ఆగింది. ఈ భవనంలో కరెంటు తేడా ఉందేమోరా అని లోవెల్‌ని అడిగాను. "అమ్మా, నువ్వు సరిగ్గా నిద్రపోతున్నావా?" అన్నాడు. చూశావా, కొడుకు దృష్టిలో నేనూ ఇక్కడొక మంచానికి సిద్ధమవుతున్నాను.

ఇంతలో మన ఇంట్లో నీ చెల్లెలు దిగబడింది. వెర్నిస్. మంగళవారం. ఓదార్చటానికొచ్చింది, అంటే తినటానికొచ్చింది. "అన్నయ్య గొంతు విని ఎన్నాళ్ళయిందో, ఏదీ ఆ డిస్కు పెట్టు వదినా" అంది. నేను కాఫీ పెడుతున్నాను. తనే లేచి, ఇక్కణ్ణించి వెనక్కి తెచ్చి బల్లమీద పడేసిన వాటిల్లోంచి ఒకటి తీసి పెట్టేసింది. నేను వంటింట్లోంచి వింటున్నాను. ముప్ఫై, ముప్ఫై ఐదు... న... న...

చేతిలో కాఫీ గిన్నెతో అలాగే నిలబడిపోయాను. మన ఇంట్లో. మన మిషనులో. అదే డిస్కు అదే మిషనులో నేను ముందు చూసినప్పుడు చక్కగా ఆడిందని ప్రమాణం చేసి చెప్పగలను.

వచ్చి తీసి చూశాను. ఏముంది తేడా? గీత లేదు, మరక లేదు. టేపుముక్క ఉంది. అంచు దగ్గర, ఒక పక్కగా, తెల్ల టేపుముక్క, దానిమీద నా చేతిరాతతో స్కార్ అని మన ఇంటిపేరు.

నవ్వు. ఇప్పుడు నవ్వు, నీకు హక్కుంది.

అది నేను చేశానని కూడా నాకు గుర్తులేదు ఓర్లిన్. ఆలోచించి చేస్తే కదా గుర్తుండటానికి. చర్చి కిందిగదిలో చావు భోజనానికి ఏ ఆడది గిన్నె తీసుకెళ్ళినా ఏం చేస్తుంది? గుమ్మం దగ్గర, కోటు వేసుకుని, అడుగున టేపుముక్క అంటించి ఇంటిపేరు రాస్తుంది. రాయకపోతే ఆ గిన్నె మళ్ళీ కంటపడదు. మా అమ్మ ఇచ్చిన బంగాళాదుంపల పళ్ళెం అడుగున ఇప్పటికీ మా పుట్టింటి పేరే ఉంది. ఇల్లు దాటి, ఎక్కడో వదిలొచ్చే వస్తువుకి టేపు పడాల్సిందే. ఇంట్లో డిస్కు పెట్టి చూసేదాన్ని, బాగుందనుకునేదాన్ని, బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర టేపు వేసేదాన్ని. ప్రతిసారీ. అందుకే ఇంట్లో బాగుండి ఇక్కడ చెడింది.

అది లోపల గిర్రున తిరుగుతుంది కదా. ఒక పక్కన బరువుంటే? బట్టల మిషనులో తడి దుప్పటి ఒక పక్కకి చేరితే ఇల్లంతా దబదబలాడదూ, అదే. అది చదివేది మధ్యలో ఉన్నంతసేపూ ఓర్చుకుంటుంది, అంచుకి పోయేకొద్దీ ఊగుతుంది. సరిగ్గా నలభై దగ్గర ఊగుతుంది. గోటితో టేపు లాగేసి మళ్ళీ పెట్టాను. నలభై, నలభై ఐదు, యాభై.

వెర్నిస్ ఏమందనుకున్నావు? "నేను పెట్టేసరికి బాగుపడింది చూశావా" అంది. ఇంకో బిళ్ళ తినమన్నాను.

ఊ? ఏమిటలా చూస్తున్నావు?

లెక్క వేస్తున్నావు. నీ బుర్రలో లెక్క మాత్రం పోలేదు. మంగళవారం తెలిస్తే శనివారం దాకా ఎందుకు రాలేదని.

రోడ్డు బాగోలేదని జోలీన్‌తో చెప్పించాను కదా. రోడ్డు బాగానే ఉంది. బుధవారమే మంచు తోసేశారు, ఉప్పు కూడా చల్లారు. పాలవాన్లు తిరుగుతూనే ఉన్నాయి. డిస్కు తయారుగా బల్లమీద ఉంది. నేను దాని చుట్టూ తిరుగుతూ ఉన్నాను. అలమారాలు తుడిచాను. తుడిచినవే తుడిచాను. కర్టెన్లు ఉతికాను, ఈ చలికాలంలో ఎవరైనా కర్టెన్లు ఉతుకుతారా?

నిజం చెప్పనా? డిస్కు నత్తిగా ఉన్నంతకాలం తప్పు డిస్కుది. మిషనుది, చలిది, జోలీన్‌ది. నీ నోరు తెరుచుకోకపోతే నాకు తిట్టటానికి ఎవరో ఒకరు ఉన్నారు. ఇది బాగుపడింది. ఇక ఇప్పుడు కూడా నువ్వు నోరు తెరవకపోతే ఎవరిని అనను? ఎవరికి ఖర్జూరం బిళ్ళలు చేసుకెళ్ళను?

భయమేసింది ఓర్లిన్. అంతే. కారిన్ నెలలన్నది కదా, అందులోంచి నాలుగు రోజులు నా భయానికి ఖర్చుపెట్టాను. నీవి, నావి కావు. తిట్టు. తిట్టగలిగితే ఇంకా మంచిది.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, మొదలెట్టాను కాబట్టి. సరిచూడటానికి ఒక్కసారి చూస్తే చాలు కదా? నేను రెండోసారీ మూడోసారీ పెట్టుకునేదాన్ని. ఇన్నేళ్ళూ నీ వాగుడు ఆపమని మొత్తుకున్నదాన్ని, కుర్చీ టీవీ దగ్గరికి లాక్కుని, ఎవరి గడ్డి మిషనో ఎంతకి పోయిందో వింటూ కూర్చునేదాన్ని. ఇల్లు మరీ చప్పుడు లేకుండా అయిపోయింది. నాకు నీ గొంతు కావాల్సివచ్చింది, ఏం చెయ్యను.

సరే. ఇదిగో డిస్కు. చూడు, టేపు లేదు, పేరు లేదు. పోతే పోనీ, ఇలాంటివి ఇంకా చేస్తాను. ఈ గది టీవీలోనే పెడుతున్నాను. విల్మర్, కాస్త ఆ పత్రిక పక్కన పెట్టి చూస్తావా? వద్దా, సరే, నీ ఇష్టం.

అదిగో నువ్వు. ఆ టోపీ చూడు, ఎన్నిసార్లు పారేయమన్నాను.

ముప్ఫై... ముప్ఫై ఐదు... ఇప్పుడు, ఇప్పుడు చూడు...

నలభై. విన్నావా? నలభై ఐదు. వెళ్ళిపోతోంది. ఎక్కడా ఆగలేదు. నన్ను చూడకు, అటు చూడు. పెదాలు కదుపు. కదుపు, దాంతోపాటు.

ఎందుకూ, ఏం కావాలి? రిమోటా? నీకెందుకది? ఇదిగో, జాగ్రత్త, మాట వినే చెయ్యి.

అదేమిటి, టీవీ గొంతు తీసేశావేం? ఓర్లిన్, ఈ గొంతు కోసమేగా నేను ఇన్నాళ్ళూ... తప్పు మీట నొక్కావు, ఇలా ఇవ్వు.

ఇవ్వవు. కావాలనే తీసేశావా?

సరే. సరే, ఉండనీ. నీ వేలం, నీ ఇష్టం. బొమ్మ చూస్తావా, చూడు. నేను మాట్లాడను.

...

ఊ?

ఊ. అవును. అవునవును, అంతే.

ఆ. మళ్ళీ వచ్చింది. అవును ఓర్లిన్, ఎంత బాగా అన్నావు. ఊ. ఊ.

ఆగు. కాసేపు ఆగు, నేను ఆ బొమ్మ ఆపుతాను. నీతో ఒక మాట చెప్పాలి.

ఇప్పుడు నేను అవును అవును అన్నాను కదా. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. శబ్దం వచ్చింది, అది నీ గొంతే, అంతవరకే తెలిసింది. నలభై అన్నావో, ఆర్డిస్ అని నా పేరే అన్నావో, మంచినీళ్ళు కావాలన్నావో, నాకు తెలీలేదు. తెలిసినట్టు తలూపాను. ఇక్కడ అందరూ నీకు అలాగే ఊపుతున్నారు. జోలీన్ ఊపుతుంది, లోవెల్ ఫోనులో ఊ కొడతాడు, వాళ్ళని చూసి నేనూ నేర్చుకున్నాను. కాదంటే నువ్వు మళ్ళీ నోరు తెరవవేమోనని.

నీకు తెలుసు కదూ. నేను తలూపిన ప్రతిసారీ నీకు తెలుసు.

ఇంక ఊపను. అర్థం కాకపోతే కాలేదనే చెబుతాను. విసుగొస్తే ఆ రిమోట్ నా మీద విసిరెయ్, పట్టుకుంటాను. కోటు విప్పేస్తున్నాను, ఇవాళ నాకు ఇంకెక్కడా పని లేదు.

అర్థం కాలేదు ఓర్లిన్. మళ్ళీ అను.